పాట రాసినవారి పేరు కూడా చెప్పండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మా కాలనీలో పాత హిందీ పాటల కచేరీ జరిగింది. పిల్లలు చాలా బాగా పాడారు. ఒక్క 'గైడ్' సినిమా నుంచే నాలుగు పాటలు. యాంకర్ మాత్రం ప్రతిసారీ 'దేవానంద్ పాట', 'లత పాట' అందే తప్ప, వాటిని రాసిన శైలేంద్ర పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఇంటికొచ్చినా మనసు ఒప్పక ఈ ఉత్తరం రాస్తున్నాను.

1965లో వచ్చిన ఆ సినిమాలో 'ఆజ్ ఫిర్ జీనే కీ తమన్నా హై' పాట పల్లవితో మొదలవదు. చరణంలా వినిపించే రెండు లైన్లతో ఎత్తుకుని, ఆ తర్వాత పల్లవిలోకి దిగుతుంది. నాట్యానికి దూరం చేసిన భర్తను కాదనుకుని కథానాయిక రోజీ బయటికొచ్చిన సందర్భం అది. ముళ్లలో చిక్కుకున్న కొంగు లాక్కున్నానంటుంది. వెంటనే 'తోడ్ కే బంధన్ బాంధీ పాయల్'. తెంచుకున్నది బంధాలు, కట్టుకున్నది మువ్వలు. తెంచడం, కట్టడం ఒకే లైనులో పక్కపక్కన పెట్టారు శైలేంద్ర. ఎన్నిసార్లు విన్నా అక్కడ ఒళ్లు పులకరిస్తుంది. రాసినాయన రైల్వేలో పనిచేస్తూ సినిమాల్లోకి వచ్చిన మనిషి. 1966 డిసెంబరులో పోయారు.

ఇక సంగీతం కట్టిన ఎస్.డి. బర్మన్, మన బర్మన్ దా. లత, రఫీ, కిశోర్ ముగ్గురూ ఉన్న సినిమాలో 'వహాఁ కౌన్ హై తేరా' మాత్రం తానే పాడారు. హీరో రాజు ఒంటరిగా నడిచిపోతుంటే వెనక వినిపించే ఆ గొంతులో బెంగాల్ పడవవాళ్ల పాటల జీర ఉంటుంది. ఆ పాట ఇంకొకరు పాడితే అలా ఉండేది కాదు.

మనవాళ్ల సంగతీ ఇంతే. రోజీగా నటించిన వహీదా రెహమాన్ అంతకు పదేళ్ల ముందు 'రోజులు మారాయి'లో 'ఏరువాక సాగారో'కు ఆడారు. ఆ వరస బర్మన్ దాకు ఎంత నచ్చిందో, 1960లో 'బంబయ్ కా బాబూ'లో వాడుకున్నారు. 'ఏరువాక' పాట రాసింది కొసరాజు, బాణీ మాస్టర్ వేణు అని మన ఇళ్లలో ఇప్పుడు ఎంతమంది పిల్లలకు తెలుసు?

మాకు తెలిసిందంటే అది రేడియో పుణ్యమే. వివిధ భారతిలో పాటకు ముందు సినిమా, రచన, సంగీతం, గానం అన్నీ చెప్పేవారు. వింటూ వింటూ పేర్లు నోటికొచ్చేశాయి. అలా చెప్పడానికి పది సెకన్లు కూడా పట్టదు. ఎఫ్ఎం వాళ్లు, టీవీ పాటల కార్యక్రమాల వాళ్లు ఆ అలవాటు మళ్లీ మొదలుపెట్టాలి. మీ సినిమా పేజీలో పాత పాట గురించి రాసినప్పుడు కూడా హీరో ఫొటో కింద రచయిత పేరు, సంగీత దర్శకుడి పేరు వేయండి.

వచ్చే నెల మా కాలనీలో మళ్లీ కచేరీ ఉంది. పాడబోయే పాటల జాబితా అడిగి తెచ్చుకున్నాను. ప్రతి పాట పక్కన రాసినవారి పేరు పెద్దక్షరాలతో రాసి యాంకర్ అమ్మాయి చేతికిస్తాను.

– ఒక పాఠకుడు, సికింద్రాబాద్