నచ్చిన పుస్తకం గురించి నాలుగు ముక్కలు రాయొచ్చు కదరా

ఒరేయ్,

నిన్న ఫోన్ మధ్యలో పెట్టేశా, ఏమనుకోకు. "కథలు రాసుకునేవాళ్ళం మనం, రివ్యూలు రాయడానికి వేరేవాళ్ళున్నారు కదరా, మన టైం ఎందుకు తగలెయ్యడం" అన్నావు చూడు, దానికి అప్పటికప్పుడు నాకు జవాబు తట్టలేదు, రాత్రంతా బుర్రలో అదే తిరుగుతూ ఉంది, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైపోతుందేమో, ఓపిక చేసుకో.

ముందు నా బాగోతం విను. పోయిన నెల ఒక నవల పట్టుకుని తెల్లారేదాకా వదల్లేదు. ఆ ఊపులోనే రివ్యూ రాసేద్దామని కూర్చున్నా. అరగంట కొట్టుకుని కొట్టుకుని చూస్తే ఏముందో తెలుసా, "చాలా బాగుంది. మనసుకి హత్తుకుంది. తప్పక చదవండి." అంతే! ఇన్నేళ్ళుగా రాస్తున్నానని చెప్పుకు తిరిగేవాణ్ణి, నాకు దొరికినవి ఈ మూడు ముక్కలు. నిజంగా సిగ్గేసింది రా.

సరే అని, నన్ను ఏడిపించిన ఆ ఒక్క చాప్టర్ తీసి మళ్ళీ చదివా, ఈసారి చేతిలో పెన్సిల్‌తో. తల్లి పోయాక కొడుకు ఇంటికొస్తాడు. నేనైతే వాణ్ణి రెండు పేజీలు భోరుమనిపించేవాణ్ణి, నీకు తెలుసుగా నా సంగతి. ఇక్కడేమో వాడు అమ్మ కళ్ళజోడు తీసుకుంటాడు, అద్దం మీద ఆవిడ వేలిముద్ర ఉంటుంది, అలవాటుగా చొక్కా అంచుతో తుడవబోయి ఆగిపోతాడు, అలాగే జేబులో పెట్టుకుంటాడు. వెంటనే తర్వాతి వాక్యం కరెంటు బిల్లు గురించి! చాప్టరంతా వెతికా, ఏడుపు అనే మాట గానీ కన్నీళ్ళు అనే మాట గానీ ఒక్కచోట లేదు. మొదటిసారి ఇదంతా నాకు కనపడలేదెందుకంటే, ఆ ఏడుపేదో నేనే ఏడుస్తున్నా కదా మరి. "బాగుంది" అని ఊరుకుని ఉంటే ఆ కరెంటు బిల్లు నాకెప్పటికీ దొరికేది కాదు. పక్కవాడికి "ఎందుకు బాగుందంటే" అని చెప్పాల్సొచ్చేసరికి దొరికింది. ఆ దెబ్బకి నా కొత్త కథలో ఒక పేజీన్నర ఏడుపు పీకి పారేశా.

ఇదేం నేను కనిపెట్టిందీ కాదు. అమెరికన్ రచయిత మెల్విల్ సంగతి చూడు. 1850 ఆగస్టులో, అంటే ఆ తిమింగలం నవల మీద కుస్తీ పడుతున్న రోజుల్లోనే, హాథార్న్ అనే ఇంకో అమెరికన్ రచయిత కథల పుస్తకం మీద ఒక పత్రికలో రెండు భాగాలుగా పెద్ద వ్యాసం రాశాడు. ఆ కథల్లో పైకి కనపడే ఎండ వెనకాల ఎంత చీకటుందో చూడండి అని ఊగిపోయాడు, షేక్‌స్పియర్‌ని కూడా తెచ్చి పక్కన నిలబెట్టాడు. మరుసటేడు 1851లో ఆ తిమింగలం నవలే మోబీ డిక్‌గా వస్తే దాన్ని హాథార్న్‌కే అంకితమిచ్చాడు. నన్నడిగితే ఆ రివ్యూలో హాథార్న్ కంటే మెల్విలే ఎక్కువ కనిపిస్తాడు, తను రాయాలనుకుంటున్నదేంటో అవతలివాడి పుస్తకంలో వెతుక్కుంటున్నట్టు ఉంటుంది. ఒక తమాషా ఏంటంటే అది రాసింది మెల్విల్ అని ఎక్కడా ఉండదు, ఎవరో వర్జీనియా ఆసామి రాసినట్టు సంతకం. హాథార్న్‌తో అప్పుడప్పుడే పరిచయమైంది మరి, మొహమాటమో ఏమో. ఇంతకంటే ఘనుడు అమెరికన్ కవి విట్‌మన్, 1855లో తన కవితల పుస్తకానికి తనే పేరు పెట్టకుండా రివ్యూలు రాసేసుకున్నాడు. డబ్బా కొట్టుకోవడం మన కాలంలో పుట్టిన జబ్బేం కాదులే.

డబ్బా అంటే గుర్తొచ్చింది, ఆ పాపం నేనూ చేశా. ఒకాయన నా పుస్తకాన్ని మెచ్చుకుంటూ రాశాడు, ఆయన పుస్తకం నాకు నచ్చకపోయినా మొహమాటానికి నాలుగు మంచి మాటలు రాసేశా. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. నా మాట నమ్మి కొన్న ఒకావిడ తర్వాత "మీకు ఇందులో ఏం నచ్చిందండీ" అని మామూలుగానే అడిగింది, నా నోట్లోంచి మాట రాలేదు. అప్పట్నుంచీ నచ్చితేనే రాస్తా, తెలిసినవాళ్ళ పుస్తకమైతే తెలిసినవాళ్ళని ముందే చెప్పేస్తా. నచ్చనివాటి జోలికెళ్ళను, వాటిని ఉతికేవాళ్ళు ఎలాగూ ఉంటారు.

ఇంక రాసినాయనకి సంతోషం, పుస్తకం నలుగురికీ తెలుస్తుంది, అవన్నీ ఉన్నవేలే. కానీ ఒకటి చెప్పు, మనకి గుర్తుండిపోయే మెచ్చుకోలు ఏది? "అద్భుతం సార్" అన్నవాళ్ళెవరూ నాకు గుర్తులేరు. నా పాత కథలో తాత కూర్చునే విరిగిన కుర్చీని చివర్లో ఎవరూ బాగుచేయించలేదని గమనించి రాసిన ఒకమ్మాయి ఉత్తరం మాత్రం ఇప్పటికీ దాచుకున్నా.

నువ్వు మొత్తం కథ చెప్పక్కర్లేదు, స్టార్లూ మార్కులూ అక్కర్లేదు. నిన్న ఫోన్‌లో నువ్వు చదివిన నవల్లో అక్క పాత్ర గురించి పావుగంట ఊపిరి తీసుకోకుండా మాట్లాడావే, "పెళ్ళయ్యాక ఆమెని ఎవరూ పేరు పెట్టి పిలవరు రా, చివరి పేజీలో తప్ప" అన్నావే, రివ్యూ అంటే అదే, టైప్ చెయ్యడం ఒక్కటే మిగిలింది. చివరి పేజీ సంగతి మాత్రం బయటపెట్టకు, నాకెలాగూ చెప్పి చెడగొట్టేశావు.

నన్ను ఏడిపించిన ఆ నవల, నా కాపీయే నీకు పంపిస్తున్నా. కళ్ళజోడు పేజీ మడతపెట్టి ఉంటుంది, ముందే తియ్యకు, వరసగా చదువుకుంటూ అక్కడికి రా. పెన్సిల్ గీతలు చెరిపావంటే ఊరుకోను.

నీ,
నేనే