ఆదివారం మీటింగుకు ముందు ఒక మాట

అన్నలకు, అక్కలకు నమస్తే. ప్రభుత్వం, ప్రైవేటు కలిసి మన దగ్గర చేనేత పార్కు పెట్టే విషయం ఆదివారం చర్చకు వస్తోంది. పోచంపల్లి దగ్గర కనుముక్కుల పార్కు ఇలా వచ్చిందే. 2005లో కేంద్రం తెచ్చిన టెక్స్‌టైల్ పార్కుల పథకంలో ప్రాజెక్టు ఖర్చులో 40 శాతం, గరిష్ఠంగా 40 కోట్లు గ్రాంటు ఇచ్చేవారు. మిగతాది వాటాదారులు పెట్టాల్సి వచ్చేది, బ్యాంకు అప్పు తేవాల్సి వచ్చేది. అందరూ గ్రాంటు గురించే మాట్లాడుతున్నారు, నా టెన్షన్ ఆ మిగతా దాని గురించే. షెడ్లు లేస్తాయి, రోడ్లు పడతాయి. నూలు కొనే పెట్టుబడి ఎవరిది? చీర అమ్ముడుపోయేదాకా కూలి ఎవరిస్తారు?

మా ఇంట్లో చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట నూలుకు రబ్బరు ముక్కలు బిగించి, రంగులద్ది, ఆరబెట్టి మగ్గం ఎక్కించేసరికే రోజులు గడిచిపోతాయి. రబ్బరు ముక్కలు బిగించీ బిగించీ అమ్మ వేళ్ల మీద గాట్లు ఇంకా పోలేదు. మధ్యలో డబ్బు ఆగితే మగ్గం కూడా ఆగుతుంది.

ఒప్పంద పత్రం తెలుగులో ముందే ఇవ్వమని అడుగుదాం. అద్దకం నీళ్ల శుద్ధి ఖర్చు ఎవరిది, బోర్డులో నేతన్నలు ఎందరు, నష్టమొస్తే ఎవరి వాటా ఎంత, అన్నీ అందులో ఉండాలి. సంతకాలు ఆ తర్వాతే. పొద్దున పదింటికి సంఘం ఆఫీసుకు రండి. అక్కలూ, మీరు తప్పకుండా రావాలి.