ఘనా గృహనిర్మాణ మంత్రి గారికి: ఆరు నెలల హద్దును అమలు చేయండి

గౌరవనీయులైన ఘనా పనులు, గృహనిర్మాణ, జలవనరుల శాఖ మంత్రి గారికి,

మీ రాజధాని అక్రాలో ఉద్యోగం చేసుకుంటున్న ఒక తెలుగువాడి నమస్కారాలు. ఇదే విషయం ఇంగ్లీషులో మీ కార్యాలయానికి పంపాను. అక్రాలో, పక్కనున్న రేవు పట్టణం టెమాలో పనిచేస్తున్న మావాళ్ళు, రేపో మాపో ఇక్కడికి రాబోయేవాళ్ళు కూడా చదవాలని తెలుగులో బహిరంగంగా రాస్తున్నాను.

మీ దేశంలో 1963 నాటి అద్దె చట్టం ఉంది, యాక్ట్ 220. ఆరు నెలలు దాటిన ఒప్పందానికి యజమాని ఆరు నెలల అద్దె కంటే ఎక్కువ ముందుగా అడగకూడదు, అడిగితే నేరం అని అందులో స్పష్టంగా రాసి ఉంది. ఆ చట్టం వచ్చేనాటికి మీ ఇప్పటి కరెన్సీ సెడీ ఇంకా పుట్టలేదు, ఘనా పౌండ్లే నడుస్తున్నాయి. అయినా ఈరోజు అక్రా చుట్టుపక్కల మదీనాలోనో అషైమాన్‌లోనో గది వెతుక్కునేవాళ్ళకి ఏజెంటు చెప్పే మొదటి మాట, రెండేళ్ళ అద్దె ఒకేసారి కట్టాలి అని. హైదరాబాద్‌లో రెండు మూడు నెలల అడ్వాన్స్ ఇస్తే, ఖాళీ చేసేటప్పుడు రంగులకని కొంత పట్టుకున్నా మిగతాది చేతికొస్తుంది. ఇక్కడ తిరిగొచ్చేదంటూ ఏమీ ఉండదు. ఇరవై నాలుగు నెలల అద్దెనే ముందుగా తీసేసుకుంటారు.

2025 మార్చిలో మీ ప్రభుత్వం అమలు చేసిన కనీస వేతనం రోజుకు 19.97 సెడీలుగా ఉండేది. ఆ లెక్కన నెలకు 27 పనిదినాలు వేసుకుంటే దాదాపు 540. గది అద్దె నెలకు 300 అనుకుందాం, అక్రాలో అది చవకే. రెండేళ్ళకు 7,200 అవుతుంది. తిండీ తిప్పలూ మానేసి పదమూడు నెలల జీతం దాచినా చాలదు.

మా గోదాములో స్టాకు చూసే కుర్రాడొకడు ఇలాగే అషైమాన్‌లో గది తీసుకున్నాడు. ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. నడుమ వాకిలి, చుట్టూ గదులు, అందరికీ ఒకే స్నానాల గది, ఒకే ప్రీపెయిడ్ మీటరు. కరెంటు క్రెడిట్ అయిపోతే ఈసారి ఎవరు వేయించాలన్నది తేలేదాకా అందరూ చీకట్లోనే ఉండాలి. కిటికీ పక్క రేకు కారుతుంటే కింద బకెట్ పెట్టాడు. బాగు చేయించమని గట్టిగా అడగలేడు, ఎందుకంటే డబ్బంతా ముందే ఇచ్చేశాడు. బయటికి పోదామన్నా మళ్ళీ రెండేళ్ళ డబ్బు కావాలి. తను కట్టినదానికి రుజువు ఒక నోటుబుక్కు కాగితం.

ఆ డబ్బు ఎలా కూడిందో కూడా వినండి. కొంత సుసు (మన చీటీల్లాంటి పొదుపు) కట్టి దాచుకున్నది, కొంత మేనమామ ఇచ్చింది, మిగతాది కంపెనీ దగ్గర జీతం మీద అప్పు. తర్వాత పడమటి తీరంలోని తకోరాడిలో ఇంతకన్నా మంచి ఉద్యోగం దొరికింది. వెళ్ళలేకపోయాడు. ఇక్కడ అప్పు తీరలేదు, అక్కడ గదికి మళ్ళీ రెండేళ్ళ అద్దె కావాలి. ఈ అడ్వాన్స్ మనిషిని గదికే కాదు, ఉద్యోగానికి కూడా కట్టేస్తోంది మంత్రి గారూ. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే.

ఆ తర్వాత చుట్టాల ఒత్తిడి. మీ దగ్గర అంత్యక్రియలంటే ఊరూ వంశమూ కలిసి మోసే ఖర్చు, అందులో చెయ్యి వేయకపోతే మాట పడాలి. ఆ సంప్రదాయం మీద నాకు గౌరవం ఉంది, ఆపదలో మనిషిని ఒంటరిగా వదలదు. కానీ అంత పెద్ద మొత్తం ఒక్కసారిగా కట్టినవాడిని చూసి చుట్టాలు, "అంత పోసి గది తీసుకున్నావు, మాకు మాత్రం లేదంటావా?" అంటారు. వాడి టెన్షన్ ఎవరికి చెప్పుకుంటాడు?

యజమానులందరూ దుర్మార్గులు కారు. ఆ గది యజమానురాలు పెద్దావిడ, నాకు కుర్చీ వేసి మంచినీళ్ళు ఇచ్చింది. ఆవిడ ఇంటి మీద సగం లేచిన స్తంభాలున్నాయి, ఇనుప చువ్వలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. బ్యాంకు వడ్డీ భరించలేక మీ దగ్గర చాలామంది ఇల్లు కొంచెం కొంచెంగా కట్టుకుంటారు, కిరాయిదారు అడ్వాన్సే వాళ్ళకి సిమెంటు డబ్బు. నెలనెలా కట్టకుండా ఎగ్గొడితే ఖాళీ చేయించడానికి ఏళ్ళు పడుతుందన్న భయం కూడా ఉంది. అయితే ఈ పద్ధతిలో వాళ్ళూ నష్టపోయారు. 2022 డిసెంబరులో ధరల పెరుగుదల 54.1 శాతానికి చేరినప్పుడు, పాత లెక్కన రెండేళ్ళది ముందే తీసుకున్నవాళ్ళ చేతిలో ఆ డబ్బు విలువ కరిగిపోయింది. గడువు తీరగానే ఆ కసి కొత్త అద్దె మీద చూపించారు.

ఇళ్ళు కట్టిస్తే సమస్య పోతుందంటారు. 2021 జనగణన లెక్కల ప్రకారం 18 లక్షల ఇళ్ళ కొరత ఉంది, అది తీరడానికి ఒక తరం పడుతుంది. అక్రాకు దగ్గర్లోని సగ్లెమిలో సర్కారు కట్టించిన 1,506 ఇళ్ళే ఏళ్ళ తరబడి ఎవరూ చేరకుండా ఉండిపోయాయి. ఆరు నెలల హద్దుకు మాత్రం ఇటుకలు అక్కర్లేదు.

చట్టం ఎందుకు పనిచేయడం లేదంటే, ఫిర్యాదు చేయాల్సింది కిరాయిదారే కాబట్టి. అద్దె నియంత్రణ కార్యాలయానికి వెళితే ఆ గది ఇంకొకరికి పోతుంది. అందుకని ఎవరూ వెళ్ళరు. వాళ్ళ కోసం ఎదురుచూడకండి. "రెండేళ్ళ అడ్వాన్స్" అని ఏజెంట్లు ఫోన్ నంబరుతో సహా ఫేస్‌బుక్‌లో ప్రకటనలు వేస్తున్నారు. మీ అధికారి ఆ నంబరుకే ఫోన్ చేసి అడగవచ్చు, కేసు పెట్టవచ్చు. యజమానికీ భరోసా ఇవ్వండి. ఒప్పందం రిజిస్టరు చేయించి, అద్దె మొబైల్ మనీ ద్వారా నెలనెలా వెళ్ళే ఏర్పాటు చేయండి. కట్టనివాళ్ళ సంగతి కొన్ని వారాల్లో తేలాలి. 2023లో మొదలైన అద్దె సహాయ పథకం కింద అడ్వాన్స్ కోసం అప్పులిచ్చారు. అలాంటి అప్పు ఏదైనా సరే, ఆరు నెలలకు మించి ఇవ్వకూడదు. చట్టం నేరమన్నదానికి సర్కారే డబ్బు సర్దితే యజమాని ఎందుకు మారతాడు?

మాలాంటి విదేశీ ఉద్యోగులకు ఇళ్ళు తీసుకునే కంపెనీలకు కూడా ఇదే నియమం పెట్టండి. అవి రెండేళ్ళది ఒక్కసారే కట్టేస్తుంటే ఆ వీధిలో మిగతా యజమానులూ అదే అడుగుతారు.

హద్దు దాటి అడిగినవాళ్ళ మీద మీ శాఖ తనంతట తాను ఎన్ని కేసులు పెట్టిందో మూడు నెలలకోసారి పత్రికల్లో ప్రకటించండి. మొదటి ప్రకటన ఎప్పుడు వస్తుందో తెలియజేయగలరు.

ఇట్లు,
అక్రాలో ఉంటున్న ఒక తెలుగు ఉద్యోగి