న్యాయవాదుల సంఘం వార్షిక నివేదిక: కృత్రిమ మేధ, గోప్యత, ఆఫీసు నిర్వహణ

గౌరవ సభ్యులకు కార్యవర్గం నమస్కారాలు. గడచిన సంవత్సరంలో సంఘం చేపట్టిన పనుల వివరాలను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాము. మన అధ్యయన సమావేశాల్లో ఎక్కువ సమయం కృత్రిమ మేధ సాయంతో వాదపత్రాలు తయారుచేయడంపై చర్చకే పట్టింది. అది సమంజసమేనని కార్యవర్గం భావిస్తున్నది. ఉదహరించిన ప్రతి తీర్పునూ తెరిచి చదివే పనిని చాలా ఆఫీసుల్లో జూనియర్లకు వదిలేయడం అలవాటు. పొరపాటు జరిగితే మాత్రం సంజాయిషీ చెప్పుకోవలసింది సంతకం పెట్టినవారే.

ఏవియాంకా విమాన సంస్థపై నడిచిన దావాలో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు 2023 జూన్‌లో ఇచ్చిన ఉత్తర్వుతో ఈ చర్చ మొదలుపెట్టాము. చాట్‌జీపీటీ కల్పించిన, ఎక్కడా లేని తీర్పులను ఉదహరించినందుకు ఇద్దరు న్యాయవాదులకూ వారి సంస్థకూ కలిపి 5,000 డాలర్ల జరిమానా పడింది. కోర్టు ఎక్కువగా తప్పుపట్టింది మాత్రం, ఆ తీర్పులు ఉన్నాయా అన్న ప్రశ్న తలెత్తిన తరువాత కూడా వారు వాటినే సమర్థించుకోవడాన్ని. సందేహం వచ్చిన రోజునే కోర్టుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలని మన సీనియర్లు జూనియర్లకు గట్టిగా బోధించవలసిన సందర్భమిది.

ఇంగ్లండ్ హైకోర్టు 2025 జూన్‌లో ఇచ్చిన తీర్పు సభ్యులను మరింత ఆలోచింపజేసింది. అందులో పరిశీలించిన ఒక కేసులో ఉదహరించిన 45 తీర్పుల్లో 18 అసలు లేవు. ఆ పరిశోధన చేసింది కక్షిదారు. న్యాయవాది దానిని సరిచూడకుండా నమ్మి దాఖలు చేశారు. ఫోనులో వెతికిన కాగితాలు పట్టుకొని కక్షిదారులు ఆఫీసుకు రావడం ఇప్పుడు మనందరికీ అనుభవమే కనుక, ఏ తీర్పును ఎవరు, ఏ తేదీన, ఎక్కడ చదివారో, మనకు పనికివచ్చే పేరా ఏదో రాసే ఒక పత్రాన్ని రూపొందించి సభ్యులకు పంపాము. ఇద్దరు ముగ్గురు పనిచేసే ఆఫీసులకు ఇది భారమని కొందరు అభ్యంతరం చెప్పారు. చదవడానికి తీరిక లేనన్ని తీర్పులను ఉదహరించకపోవడమే దానికి పరిష్కారమని కార్యవర్గం అభిప్రాయం.

గోప్యత విషయంలో 2024 జూలైలో అమెరికా న్యాయవాదుల సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్ కృత్రిమ మేధ వాడకంపై వెలువరించిన 512వ వృత్తినీతి అభిప్రాయాన్ని చర్చకు ఆధారంగా తీసుకున్నాము. మనం ఇచ్చిన సమాచారం నుంచే నేర్చుకునే కృత్రిమ మేధ సాధనంలో కక్షిదారు వివరాలు పెట్టే ముందు, జరిగేదేమిటో వివరంగా చెప్పి వారి సమ్మతి తీసుకోవాలని, ఒప్పంద పత్రంలో మామూలుగా చేర్చే ఒక వాక్యం అందుకు చాలదని అది చెబుతున్నది. గంటల లెక్కన ఫీజు తీసుకునేవారు నిజంగా పనిచేసిన సమయానికే వసూలు చేయాలి. సాధనం మిగిల్చిన సమయాన్ని బిల్లులో చూపకూడదు.

వాయిదాల డైరీ, కాలపరిమితుల నమోదుపై శిక్షణ ఎప్పటిలాగే జరిగింది. గడువు తేదీని ఇద్దరు వేర్వేరుగా లెక్కగట్టి వేర్వేరు చోట్ల రాసుకోవాలన్న పాత పద్ధతికి సాఫ్ట్‌వేర్ వచ్చినా ప్రత్యామ్నాయం లేదు. కక్షిదారుల సొమ్మును ఆఫీసు ఖర్చుల ఖాతాలో కలపరాదని, ప్రతి నెలా బ్యాంకు లెక్కతో సరిపోల్చుకోవాలని మరోసారి గుర్తుచేశాము. న్యాయవాది అకస్మాత్తుగా మంచాన పడితే ఆ ఫైళ్లు ఎవరు చూడాలన్న విషయం మీద మాత్రం తగినంత పని జరగలేదు. ఒంటరిగా ప్రాక్టీసు చేసే సభ్యులు ప్రత్యామ్నాయంగా మరొక న్యాయవాది పేరును ముందే రాతపూర్వకంగా నిర్ణయించుకోవాలని, ఆ సంగతి కక్షిదారులకు తెలియజేయాలని కోరుతున్నాము.

కక్షిదారు సమ్మతి పత్రం ముసాయిదాను ఈ నివేదికతో జతచేశాము. సవరణలను సభ్యులు రాతపూర్వకంగా కార్యదర్శికి అందజేస్తే, వాటితో సహా ముసాయిదాను సర్వసభ్య సమావేశంలో ఆమోదానికి పెడతాము.