పాత పంచాయతీ ఆఫీసు తలుపులు తెరిపించిన అందరికీ కృతజ్ఞతలు

ఊళ్లో ఉన్నవాళ్లకూ, హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి ఫోన్లో ఊరి కబుర్లు చూసుకునేవాళ్లకూ నమస్కారం. మన పాత పంచాయతీ ఆఫీసు మళ్లీ తెరుచుకుంది, ఈసారి చదువుకోవడానికీ, కుట్టు క్లాసులకూ, మీటింగులకూ. మహిళా సమాఖ్య, యువజన సంఘం, రైతు సంఘం కలిసి నడుపుతున్నాయి. సాయం చేసినవాళ్లలో చాలామంది పేర్లు రాయొద్దన్నారు. అందుకే పని చెప్పి దండం పెడుతున్నాను, ఎవరో మీకు తెలుసు.

2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి కదా. మనకు కొత్త భవనం లేచి, బీరువాలన్నీ అక్కడికి చేరాక పాత ఆఫీసుకు తాళం పడింది. ఒకప్పుడు అక్కడి రేడియో కోసం సాయంత్రమయ్యేసరికి అరుగు నిండేది. తాళం పడ్డాక మిగిలింది అరుగు మీద పేకాట, లోపల పావురాలు, వెనక ముళ్లకంప. దాన్ని కూల్చి షాపులు కట్టి అద్దెకిద్దామన్నవాళ్లూ ఉన్నారు. అదేమీ తీసిపారేసే మాట కాదు, పంచాయతీకి నాలుగు రూపాయలు వచ్చేవి. వాళ్లు గ్రామసభలో గట్టిగా నిలదీయబట్టే కరెంటు బిల్లు ఎవరు కడతారు, ఫంక్షన్లకు ఇస్తారా, ఎన్నికలప్పుడు పార్టీల మీటింగులు పెట్టనిస్తారా అన్నవన్నీ ముందే తేలిపోయాయి. (ఫంక్షన్లకు ఇవ్వం. పార్టీలకు అసలే ఇవ్వం.) వాళ్లకూ థ్యాంక్స్.

సర్పంచి గారికి, వార్డు మెంబర్లకు, పంచాయతీ కార్యదర్శి గారికి కృతజ్ఞతలు. భవనం పంచాయతీ ఆస్తిగానే ఉంటుంది, సంఘాలకు వాడుకునే అనుమతి మాత్రమే, ఏటా గ్రామసభలో జమాఖర్చులు చదవాలి, చదవకపోతే తాళం వెనక్కి ఇచ్చెయ్యాలి. తీర్మానంలో ఈ షరతులు రాయించింది కార్యదర్శి గారే. అప్పుడు కొంచెం కటువుగా అనిపించాయి గానీ, ఆ కాగితం చూశాకే చందాలు కదిలాయి.

ఇక స్లాబు. తాపీమేస్త్రి బాబాయి లేకపోతే ఈ పని జరిగేదే కాదు. ఆయన సుత్తితో సీలింగు అంతా తట్టుకుంటూ వెళ్లి, బోలుగా మోగిన చోటల్లా సుద్దముక్కతో గీత గీశాడు. గీతలు గీసిన మేర పెచ్చులు చెక్కేసి, తుప్పు పట్టిన ఊచలను ఇనుప బ్రష్షుతో రుద్ది, మళ్లీ సిమెంటు పట్టించాడు. పైన పగుళ్లు పూడ్చాక స్లాబు చుట్టూ మట్టిగట్లు కట్టి నీళ్లు నిలబెట్టాడు. మేమంతా కింద తలలెత్తుకుని నిలబడ్డాం. ఒక మూల తడి కనిపించింది. ఎవరూ ఏమీ అనకముందే నీళ్లు వదిలేసి ఆ మూల మళ్లీ మొదలుపెట్టాడు. రెండోసారి చేసిన పనికి కూలి తీసుకోలేదు. మొన్నటి వానకు చుక్క కారలేదు బాబాయ్!

సమాఖ్య అక్కలు సంఘం పొదుపు డబ్బు ముట్టుకోకుండా విడిగా తలా ఇంత వేసుకున్నారు. పావురాల రెట్ట గీకి, నేల కడిగిందీ వాళ్లే. కుర్రాళ్లు అప్పుడు ఫ్లెక్సీ డిజైను గురించి చర్చిస్తున్నారు. అయితే కుర్రాళ్లను మరీ తీసెయ్యకూడదు. వేటపాలెం వెళ్లి, 1918 నుంచి ఉన్న సారస్వత నికేతనం గ్రంథాలయంలో పుస్తకాలు ఎలా సర్దారో, పాత పత్రికలు ఎలా దాచారో చూసొచ్చి, అదే పద్ధతిలో మన బీరువాలు సర్దారు. బీరువాలు రిటైరైన మాస్టారు ఇచ్చినవి, పుస్తకాలతో సహా.

పనిలో పనిగా ఒక మాట. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు అందరం కడుతున్నాం. కాబట్టి పుస్తక నిక్షిప్త కేంద్రం, అంటే వాళ్ల పుస్తకాలు మన ఊళ్లో ఉంచే చోటు, ఇమ్మని జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ పెట్టాం. అడగడానికి మొహమాటం దేనికి?

ఉదయం పేపర్లు, మధ్యాహ్నం కుట్టు క్లాసులు, సమాఖ్య మీటింగులు, సాయంత్రం నుంచి పదో తరగతి పిల్లలకూ పోటీ పరీక్షలవాళ్లకూ. తాళంచెవి ఏ సంఘం దగ్గర ఉండాలన్న దానిమీద కాస్త టెన్షన్ నడిచింది, దాచడమెందుకు. చివరికి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు అత్తయ్య, 'నా కొట్లో మేకుకు తగిలించండి, తీసుకున్నవాళ్లు సంతకం పెట్టండి' అని తేల్చేసింది. అత్తయ్యా, నీకు ప్రత్యేకంగా దండాలు.

దూరంనుంచి డబ్బు పంపిన పిల్లలకు రసీదులు ఫోన్లో పంపాం. అందనివాళ్లు చెప్పండి. ఖర్చుల పుస్తకం కూడా అత్తయ్య కొట్లోనే ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. ఫ్యాన్లు రెండు తక్కువయ్యాయి, వాడనివి ఎవరింట్లోనైనా ఉంటే కబురు పెట్టండి, మేమే వచ్చి పట్టుకెళ్తాం.