వార్షిక నివేదిక 2025: పునీత లూయీ మార్టిన్ స్మరణలో మన సంఘం గడిపిన ఏడాది

గౌరవనీయులైన విచారణ (పారిష్) గురువులకు, సంఘ సభ్యులకు, వారి కుటుంబాలకు నమస్కారములు.

2025వ సంవత్సరంలో మన సంఘం చేపట్టిన పనుల వివరాలను కార్యవర్గం తరఫున మీ ముందు ఉంచుతున్నాను. ఏటా ఒక పునీతుని జీవితాన్ని ఎంచుకొని నెలనెలా కొంత చదివి ధ్యానించుకోవడం మన సంఘంలో ఆనవాయితీ. ఈసారి, లిటిల్ ఫ్లవర్ అని పిలుచుకొనే ఫ్రాన్సు దేశపు మఠకన్య చిన్న తెరేజమ్మ తండ్రిగారైన పునీత లూయీ మార్టిన్ గారి జీవితాన్ని ఎంచుకొన్నాం. చిన్న తెరేజమ్మను పునీతురాలిగా ప్రకటించిన 1925 మే 17వ తేదీకి ఈ ఏడాదితో 100 ఏళ్లు నిండాయి. ఆమె తల్లిదండ్రులైన లూయీ, జెలీ దంపతులను పోపు ఫ్రాన్సిస్ గారు 2015 అక్టోబరు 18న పునీతులుగా ప్రకటించి పదేళ్లయింది. వేదసాక్షులు (విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవారు) కాని భార్యాభర్తలను జంటగా పునీతులను చేయడం కతోలిక తిరుసభ చరిత్రలో అదే మొదటిసారి. తెలుగునాట ఎన్నో ఊళ్లలో లిటిల్ ఫ్లవర్ పేరిట బడులున్నాయి, మన ఇళ్లలో తెరేజా అన్న పేరుకు కొదవ లేదు. అయినా ఆ బిడ్డను పెంచిన ఇంటి పెద్ద ఎవరని అడిగితే జనవరి సమావేశంలో ముగ్గురు నలుగురు తప్ప జవాబు చెప్పగలిగినవారు లేరు.

లూయీ గారు 1823 ఆగస్టు 22న ఫ్రాన్సులోని బోర్దో నగరంలో ఒక సైనికాధికారి ఇంట పుట్టారు. గడియారాల పని నేర్చుకొన్నారు. 22 ఏళ్ల వయసులో మఠంలో చేరాలని ఆల్ప్స్ పర్వతాల మీది గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ మఠానికి వెళితే, లాటిన్ నేర్చుకొని రమ్మని తిప్పి పంపారు. ఆ చదువు ముందుకు సాగలేదు. 1850లో అలాన్సాన్ పట్టణంలో గడియారాల దుకాణం తెరిచారు. 1858 జూలై 13న, అర్ధరాత్రి వేళ, అలాన్సాన్‌లోని దేవమాత గుడిలో జెలీ గెరాన్ గారితో ఆయనకు వివాహ సంస్కారం జరిగింది. ఆమె కూడా మఠంలో చేరబోయి కాదనిపించుకొన్న మనిషే. వారికి తొమ్మిదిమంది బిడ్డలు పుట్టగా నలుగురు చిన్నతనంలోనే చనిపోయారు. మిగిలిన ఐదుగురూ ఆడపిల్లలు: మారీ, పోలీన్, లియోనీ, సెలీన్, తెరేజా.

మార్చి సమావేశంలో ఎక్కువసేపు చర్చకు వచ్చింది ఆదివారం సంగతి. పల్లెల నుంచి వచ్చే జనం కొనుగోళ్లకు ఆదివారమే అనువైన రోజైనా, లూయీ గారు ఆ రోజు దుకాణం తలుపు తెరిచేవారు కాదు. ముందు తలుపు మూసి పక్క తలుపు తీసి ఉంచవచ్చుగదా అని సలహా ఇచ్చినవారి మాట కూడా ఆయన వినలేదు. మన సభ్యుల్లో కిరాణా, ఎరువులు, బట్టల దుకాణాలు నడిపేవారు పలువురు ఉన్నారు. ఆదివారం బేరం పోగొట్టుకోవడం అంటే ఏమిటో వారికి వేరే చెప్పనక్కరలేదు. కనుక ఆనాటి చర్చ ఉపన్యాసంలా కాక, లెక్కలు చూసుకొనే మాటలా సాగింది. ఉదయం పూజ ముగిసేదాకా దుకాణం తెరవబోమని కొందరు సభ్యులు తమంతట తాముగా చెప్పి ఏడాదంతా ఆ మాట నిలబెట్టుకొన్నారు. సంఘం ఎవరినీ బలవంతపెట్టలేదు.

జెలీ గారు అలాన్సాన్ లేసు అల్లించి అమ్మే వ్యాపారం చేసేవారు. ఆ వ్యాపారం పెరిగి పెద్దదైనప్పుడు లూయీ గారు 1870లో తన దుకాణాన్ని మేనల్లుడికి అప్పగించి, భార్య వ్యాపారంలో లెక్కలు, ప్రయాణాలు, కొనుగోలుదారులతో బేరాలు చూసుకోసాగారు. ఇంటి పెద్ద అన్న మాటకు మనం ఇచ్చుకొనే అర్థంలో ఇది సులభంగా ఇమిడేది కాదు. ఈ భాగం చదివిన రోజున మహిళా సభ్యులు మాట్లాడినంతగా ఏడాది మొత్తంలో మరెప్పుడూ మాట్లాడలేదు. సరదాకు చేపలు పట్టడం లూయీ గారికి ఇష్టం. పట్టిన చేపలను క్లారా మఠకన్యలకు ఇచ్చి వచ్చేవారు. రోజూ తెల్లవారుజామున ఐదున్నర గంటల పూజకు, కూలిజనం వెళ్లే పూజకే, భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లేవారు.

జెలీ గారు రొమ్ము క్యాన్సరుతో 1877 ఆగస్టు 28న కన్నుమూశారు. అప్పటికి చిన్న తెరేజా వయసు నాలుగేళ్లు. బిడ్డలకు మేనమామ అండ ఉంటుందని లూయీ గారు తనకు అలవాటైన ఊరిని, స్నేహితులను వదిలి, అదే ఏడాది నవంబరులో లిసియూ పట్టణానికి కాపురం మార్చారు. ఆపైన బిడ్డలు ఒక్కొక్కరే, కన్యలు లోకానికి దూరంగా ప్రార్థనలో గడిపే కర్మెల్ మఠానికి వెళ్లిపోసాగారు: 1882లో పోలీన్, 1886లో మారీ. 1887 మే 29, పెంతెకోస్తు పండుగ నాటి సాయంత్రం పద్నాలుగేళ్ల తెరేజా తోటలో తండ్రి పక్కన కూర్చొని తాను కూడా వెళతానని కన్నీళ్లతో అడిగింది. ఆయన కొంతసేపు మాట్లాడి, సరేనని, ప్రహరీ గోడ దగ్గరకు వెళ్లి, గోడ సందులో మొలిచిన ఒక చిన్న తెల్లని పువ్వును వేళ్లతో సహా ఊడదీసి ఆమె చేతిలో పెట్టారు. ఆ పువ్వును ఆమె ఎండబెట్టి దాచుకొంది. కూతురిని అత్తవారింటికి పంపిన ప్రతి తండ్రికీ ఆ గోడ దగ్గర నిలబడ్డ మనిషి అర్థమవుతాడు.

ఆయన జీవితంలో మన సంఘాన్ని కదిలించింది మాత్రం ఆ తరువాతి భాగం. 1887 మే నెలలోనే ఆయనకు మొదటిసారి పక్షవాతం సోకింది. మరుసటి ఏడాది మతి తప్పసాగింది. 1888 జూన్‌లో ఎవరికీ చెప్పకుండా ఇల్లు వదిలి వెళ్లిపోతే, కొన్ని రోజులకు లే హావ్ర్ రేవు పట్టణంలో ఆయన్ను వెదికి పట్టుకొన్నారు. 1889 జనవరి 10న తెరేజా మఠవస్త్రం ధరించిన రోజున తన చేయి పట్టించి ఆమెను గుడిలోకి నడిపించగలిగారు. నెల దాటిన తరువాత, ఫిబ్రవరి 12న, ఆయన్ను కాన్ నగరంలోని బోన్ సోవర్ మానసిక చికిత్సాలయంలో చేర్చవలసి వచ్చింది. అక్కడ మూడేళ్లకు పైగా ఉన్నారు. బిడ్డలు మఠానికి పోవడం వల్లే తండ్రికి పిచ్చిపట్టిందని ఊళ్లో చెప్పుకొన్నారు. సెలీన్, లియోనీ కొన్ని నెలలపాటు కాన్ నగరంలోనే బస చేసి, రోజూ ఆసుపత్రి దాకా వెళ్లి కబురు తెలుసుకొని వచ్చేవారు. 1892 మేలో ఇంటికి తెచ్చాక ఒకేఒకసారి కర్మెల్ మఠానికి తీసుకువెళ్లారు. కటకటాల వెనుక ముగ్గురు కూతుళ్లు నిలబడగా, వీడ్కోలు వేళ ఆయన వేలు పైకెత్తి పరలోకంలో అని మాత్రం అనగలిగారు. 1894 జూలై 29న సెలీన్ చేతుల మీద ప్రాణం విడిచారు.

ఈ భాగాన్ని జూలైలో, లూయీ, జెలీ దంపతుల పండుగ రోజైన 12వ తేదీన చదివాం. చదవడం ముగిశాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తరువాత ఒక సభ్యుడు లేచి, మన సంఘాన్ని మొదలుపెట్టినవారిలో ఒకరైన పెద్దాయన పేరెత్తి, ఆయన్ను మనం చూసి ఎన్నాళ్లయిందని అడిగారు. పేరు ఇక్కడ రాయడం లేదు, సభ్యులకు తెలుసు. మతిమరుపు ముదిరి, పూజ జరుగుతుండగా గట్టిగా మాట్లాడుతున్నారని ఇంటివారు ఆయన్ను గుడికి తీసుకురావడం మానేశారు. వరుసగా సమావేశాలకు రానివారి పేర్లు తొలగించే నియమం ప్రకారం రెండేళ్ల కిందట మనం ఆయన పేరు కూడా సభ్యుల పట్టీలోంచి తీసేశాం. ఆ పట్టీ మీద సంతకం నాదే. ఈ తప్పు కార్యవర్గానిది, ముఖ్యంగా కార్యదర్శిగా నాది. దీనిని నివేదికలో నమోదు చేయడం అవసరమని నేను భావిస్తున్నాను.

జూలై 27న, పోపు ఫ్రాన్సిస్ గారు 2021లో నెలకొల్పిన తాతామామ్మల, వృద్ధుల ప్రపంచ దినం నాడు, అయిదుగురం ఆ ఇంటికి వెళ్లాం. పెద్దాయన వాకిట్లో కుర్చీలో కూర్చొని, భుజం మీది తువ్వాలును మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెడుతూ ఉన్నారు. మమ్మల్ని గుర్తుపట్టలేదు. జపమాల చెప్పాం. ఆయన గొంతు కలపలేదు గాని, నా చేతిలోని జపమాల తీసుకొని పూసలను ఒక్కొక్కటే వేళ్ల మధ్య జరుపుతూ కూర్చొన్నారు. బయలుదేరే ముందు వారి కోడలుగారు చెప్పిన మాట మా అందరికీ తగిలింది. మీరు వచ్చినందుకు సంతోషమేగాని, ప్రార్థన చెప్పి వెళ్లిపోవడం కాదు, ఎవరైనా ఒక గంట ఆయన దగ్గర కూర్చొంటే నేను పూజకు వెళ్లి వస్తాను, దివ్యసత్ప్రసాదం తీసుకొని నెలలైంది అన్నారు. అలాంటి కోడళ్లు, కూతుళ్లు, భార్యలు మన విచారణలో ఇంకా ఉన్నారని ఆ తరువాత వాకబు చేస్తే తెలిసింది.

ఆగస్టు మొదటి ఆదివారం నుంచి సభ్యులు వంతులు వేసుకొని, రెండు పూజల్లో ఒక పూజ వేళ ఆ ఇళ్లలో కూర్చొంటున్నారు. మొదట్లో ఇబ్బందులు ఎదురయ్యాయి. ఒకరిద్దరు భయపడ్డారు, ఒక ఇంటివారు తమ సంగతి బయటపడుతుందని మమ్మల్ని రావద్దన్నారు. ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్న సభ్యురాలు ఒక మధ్యాహ్నం కూర్చొని, మతి తప్పినవారితో వాదించకూడదని, చెప్పిందే మళ్లీ చెబితే విసుక్కోకూడదని, చేయి పట్టుకొనే ముందు ఎదురుగా నిలబడి మాట్లాడాలని ఓపికగా నేర్పించారు. రావద్దన్న ఆ ఇంటివారే అక్టోబరులో కబురు పెట్టారు.

మిగిలిన కార్యక్రమాలు ఎప్పటిలాగే జరిగాయి. ఫిబ్రవరిలో గుణదల మరియమాత ఉత్సవాలకు సంఘం తరఫున వెళ్లివచ్చాం. ఏప్రిల్ 21న పోపు ఫ్రాన్సిస్ గారు పరమపదించినప్పుడు ఆయన ఆత్మశాంతికై పూజ చెప్పించాం. మృతుల స్మరణ దినమైన నవంబరు 2కు ముందే సమాధుల తోటలో కంప కొట్టించి, గోడకు సున్నం వేయించాం. ఆదాయ వ్యయాల పట్టికను కోశాధికారి గారు సమావేశంలో విడిగా సమర్పిస్తారు.

సర్వసభ్య సమావేశం ముందు కార్యవర్గం ఒక సవరణను ఉంచుతున్నది. అనారోగ్యం వల్ల గాని, వృద్ధాప్యం వల్ల గాని సమావేశాలకు రాలేని సభ్యుల పేర్లను పట్టీ నుంచి తొలగించరాదని, వారి చందాను సంఘమే భరించాలని, ఏడాదికి ఒక్కసారైనా నెలసరి సమావేశాన్ని అలాంటి సభ్యుని ఇంటి వాకిట్లో జరపాలని ఆ సవరణ చెబుతుంది. పెద్దాయన పేరును ఆగస్టు నుంచే మళ్లీ పట్టీలో, మునుపటి క్రమ సంఖ్యలోనే రాశాం. దానికి మీ ఆమోదం కోరుతున్నాను.

కార్యదర్శి