టీచర్లకి టెక్నాలజీ ఎంత రావాలి?
నమస్తే అందరికీ, టీచర్లకి టెక్నాలజీ ఎంత రావాలన్న నిన్నటి డిస్కషన్ మీద నాదీ ఒక మాట. టీచర్‌కి టెక్నాలజీ రావాలా అంటే రావాలి, కోడింగ్ దాకా అక్కర్లేదు. యునెస్కో వాళ్లు 2018లో అప్‌డేట్ చేసిన ఐసీటీ ఫ్రేమ్‌వర్క్‌లో (టీచర్లకి కంప్యూటర్, ఇంటర్నెట్ లాంటివి ఎంత రావాలో చెప్పేది) కూడా మూడు లెవెల్స్ పెట్టారు, మెల్లగా ఎక్కేలా. సరళరేఖ గ్రాఫ్ చెప్పేటప్పుడు జియోజీబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో స్లైడర్ జరిపితే వాలు మారడం పిల్లలకి కళ్ల ముందే కనిపిస్తుంది, అదే బోర్డు మీదైతే ఎన్ని గీతలు గీసి చెరపాలో, అలాంటి చోట టెక్నాలజీ నిజంగా పనికొస్తుంది. పుస్తకంలో పేరాలు స్లైడ్స్‌లోకి ఎక్కించి చదివేస్తే మాత్రం (చాలామంది చేసేది ఇదే లెండి) దండగ. ఇంకోటి, 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక హోంవర్క్ ఎవరు రాశారో తేల్చడం కష్టమైపోయింది, ఏఐ రాసిందో కాదో చెప్పే డిటెక్టర్లు కూడా తప్పు చెప్తాయి, కాబట్టి టీచర్ చాట్‌జీపీటీని స్వయంగా వాడి చూడాల్సిందే. రాకపోతే పిల్లల్నే అడగండి, నామోషీ ఏం లేదు.